పాటకీ పాటకీ మధ్య మూడు సెకన్లు

మా బావకి జపాను పాటలంటే ప్రాణమని నాలుగు నెలలపాటు నమ్మిన వెర్రివెంగళప్పని నేను. అప్పటికి నాకు రెండు డిగ్రీలున్నాయి. ఆఫీసులో మెడకి వేలాడే బ్యాడ్జీ మీద పేరు కింద ‘సీనియర్’ అని కూడా ఉండేది. అంత సీనియారిటీ పెట్టుకుని, సాయంత్రం ఏడింటికి హాల్లోంచి ఒక మనిషి “ఏరా బామ్మర్దీ, నీ జపాను పాటలు పెట్టు. కాస్త గట్టిగా పెట్టరా, వినపడట్లేదు” అంటే, పాపం సంగీతప్రియుడు అనుకున్నాను. లేచి వెళ్లి బటన్ నొక్కాను. వారానికి రెండు మూడుసార్ల చొప్పున, నాలుగు నెలలు. నేను బటన్ నొక్కిన ప్రతిసారీ గోడ అవతల మా అక్కకి దెబ్బలు పడేవి.

పాటలు నావి, పాట్లు మా అక్కవి.

ఆ పాటలు నా దగ్గరికి ఎలా వచ్చాయో చెప్పాలి. అమెరికాలో హెర్న్‌డన్ అనే ఊళ్లో మా ఆఫీసుకి అప్పట్లో ఒక జపాను కంపెనీ క్లయింటు. వాళ్ల తరఫున మా మధ్య కూర్చుని మా తప్పులు పట్టే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. రెండువేల ఏడు మార్చిలో ఆయనకి స్వదేశానికి బదిలీ అయింది. వెళ్లేముందు అందరం కలిసి భోంచేసినప్పుడు తలా ఒక సీడీ ఇచ్చాడు. తనే కాపీ చేసి, పైన గులాబిరంగు పెన్నుతో పువ్వు బొమ్మ వేసి మరీ. పద్నాలుగు పాటలు. పద్నాలుగూ చెర్రీ పూల గురించే, పద్నాలుగూ వీడ్కోళ్లే. అదేమిటండీ అంటే నవ్వాడు. వాళ్ల దేశంలో బడి ఏడాదీ ఆఫీసు ఏడాదీ రెండూ మార్చితోనే అయిపోతాయట. పిల్లలు బడి వదిలేదీ అప్పుడే, ఉద్యోగులకి బదిలీలయ్యేదీ అప్పుడే, చెర్రీలు పూసి రాలేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. అందుకని ఏటా ఎవరో ఒకరు రాలే పూల మీదా, మూసుకునే రైలు తలుపుల మీదా కొత్త పాట కట్టి జనాన్ని ఏడిపిస్తారట. జనం కూడా ఆ ఏడుపు కోసం ఎదురుచూస్తారట.

“వసంతం దాటాక మాత్రం వీటిని పెట్టం. ఎండాకాలంలో రగ్గు కప్పుకున్నట్టుంటుంది” అన్నాడు. నేను ఆ మాట పట్టించుకోలేదు. నాకు రగ్గు ఏ కాలంలోనైనా ఇష్టమే.

పాటల్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. సకురా అంటే చెర్రీ అని మాత్రం తెలుసు. అది ప్రతి పాటలోనూ ఆరేడుసార్లు వచ్చేది. తెలిసిన భాషలో ఏడుపు వింటే మనం కూడా ఏడవాలి. తెలియని భాషలో అయితే కాళ్లు చాపుకుని హాయిగా వినొచ్చు. అన్నీ ఒకే దారిలో నడిచేవి. ముందు పియానో మెల్లగా మొదలవుతుంది. ఒక సన్నటి గొంతు గుసగుసలాడుతుంది. రెండో చరణం దాటాక డ్రమ్సూ వయొలిన్లూ ఒక్కసారిగా మీద పడతాయి. చివర్లో గుండెలు బాదుకుంటున్నట్టు కేకలు. ఆ చివరి భాగం గట్టిగా పెడితే వంటింట్లో గిన్నెలు అదిరేవి. బావకి పనికొచ్చింది ఆ భాగమే.

ఆ జూలైలో నా లీజు అయిపోయింది. బావే ఫోన్ చేసి పిలిచాడు. “మనింట్లో గది ఖాళీగా ఉండగా బయట ఉండటమేంట్రా, నామోషీ!” అన్నాడు. బావని చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది. ఆదివారాలు గుళ్లో వాలంటీరు. ముసలివాళ్లు చెప్పులు వేసుకోలేకపోతే వంగి తనే తొడిగేవాడు. ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా కేకు ఆయన చేతుల మీదుగానే వచ్చేది. బయట అంతలా వంగిన నడుము ఇంటికొచ్చాక నిటారుగా నిలబడేది.

మాది కింది అంతస్తులో రెండు బెడ్రూముల అపార్ట్‌మెంట్. నా గదికీ వాళ్ల గదికీ మధ్య ఉన్నదాన్ని గోడ అనడం మర్యాదకి. ఇటొక అట్ట, అటొక అట్ట, మధ్యలో గాలి.

ముందు అక్క చెంప కమిలింది. “ఫ్రీజర్ తలుపు తగిలిందిరా” అంది. తర్వాత చిటికెన వేలు వంకర తిరిగింది. “కారు డోర్‌లో పడింది.” ఆ తర్వాత ఎడమ చెవి. “ఈ వైపు కాస్త వినపడట్లేదు, జలుబేమో.” ఈ దేశంలో తలుపులన్నీ మా అక్క మీద ఇలా పగబట్టాయేమిటా అని ఆశ్చర్యపోయాను. ఒక శనివారం షాపుకి డ్రైవ్ చేసుకుని వెళ్లి రబ్బరు పట్టీ కొనుక్కొచ్చి, ఫ్రీజర్ తలుపు అంచుకి పైనుంచి కింది దాకా అంటించాను, ఈసారి తగిలినా మెత్తగా తగలాలని. అక్క పక్కనే నిలబడి చూసింది. “థాంక్స్‌రా” అంది.

గొడవ ఎక్కువసార్లు డ్రైవింగ్ దగ్గర మొదలయ్యేది. కారు నడపడం రాకపోతే ఆ ఊళ్లో కాళ్లు లేనట్టే. అక్కకి లెర్నర్స్ పర్మిట్ ఉంది. శనివారం పొద్దున్నే ఖాళీగా ఉండే మాల్ పార్కింగ్‌లో బావ నేర్పించేవాడు. నేను వెనక సీట్లో కూర్చునేవాణ్ణి.

“లెఫ్ట్ అన్నానా లేదా? లెఫ్ట్!” అంటూ అరచేత్తో అక్క తల వెనక ఒక్కటి వేసేవాడు. ఆటకి వేసినట్టే ఉండేది. వెంటనే అద్దంలో నా వైపు చూసి కన్నుకొట్టేవాడు. “మీ అక్కకి లెఫ్టూ రైటూ తేడా తెలీదురా. చిన్నప్పుడు అన్నం ఏ చేత్తో తినేదిరా ఈవిడ?”

నేను నవ్వేవాణ్ణి. రాస్తుంటే చెయ్యి ఆగుతోంది గానీ, నవ్విన మాట నిజం. కారులో అరచేత్తో మొదలైన పాఠం ఇంటికొచ్చాక పిడికిలితో కొనసాగేది. దానికి నా తరఫు నుంచి సంగీత సహకారం.

నాకు నిజంగా తెలియదా? సీడీలో పాటకీ పాటకీ మధ్య మూడు సెకన్ల నిశ్శబ్దం ఉంటుంది. ఆ మూడు సెకన్లలో ఏదో ఒకటి వినపడేది. ఒకసారి గాజుగ్లాసు పగిలిన చప్పుడు. ఒకసారి బియ్యం బస్తా ఎత్తి పడేసినట్టు. ఒకసారి అక్క గొంతు. “అమ్మా” అని కూడా పూర్తి కాలేదు, “అ” వరకే. మిగతాది తర్వాతి పాట పియానో కింద నలిగిపోయింది. నేను విన్నాను. విని, తర్వాతి పాట మొదలైనందుకు ఊపిరి పీల్చుకున్నాను. దీనికి వెర్రితనం అనే మాట చాలదు, పిరికితనం అనాలి. కానీ తనని తాను పిరికివాడు అనుకోవడం కంటే వెర్రివాడు అనుకోవడం మనిషికి కొంచెం సుఖం. అందుకే ఆ మాటతో మొదలుపెట్టాను.

నవంబరులో బావ ఒక ఫిర్యాదు తెచ్చాడు.

“ఏరా, మధ్యమధ్యలో ఆగిపోతోందేంట్రా నీ పాట? మూడ్ పాడవుతోంది. ఆగకుండా చెయ్యలేవా? ఇంజనీరువి కదా!”

చేతులకి పని దొరికితే నా బుద్ధి సెలవు పెడుతుంది. ఆ శనివారం మధ్యాహ్నమంతా కంప్యూటర్ ముందు కూర్చుని పద్నాలుగు పాటల్నీ ఒకదాని తోక ఇంకోదాని నోట్లో పెట్టి కుట్టేశాను. ఒకటి తగ్గుతుండగానే రెండోది పైకి లేచేలా. పాటల మొదట్లో మెత్తగా ఉండే చోట్ల సౌండ్ కూడా పెంచాను. అది బావ అడగలేదు, నేనే చొరవ తీసుకున్నాను. క్లయింటు అడక్కముందే ఇవ్వాలని ఆఫీసులో మాకు నూరిపోసేవాళ్లు. కొత్త సీడీ పెట్టి వినిపిస్తే బావ నా వీపు చరిచి “శభాష్‌రా!” అన్నాడు. అక్క అప్పుడు పప్పుకి తాలింపు వేస్తోంది. తాలింపు మాడింది.

మొత్తం గంటా పది నిమిషాల పాట. ఎక్కడా ఊపిరి సందు లేదు.

పది రోజులు గడిచాయి. డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం పొద్దున బావ గుడికి వెళ్లాడు. తలుపు చప్పుడైతే తీశాను. మా పై అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉండే జపాను పెద్దావిడ. అరవై దాటిన చిన్న మనిషి, చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం. చప్పుడు గురించి తిట్టడానికి వచ్చిందనుకుని, తిట్టే శ్రమ లేకుండా నేనే ముందు సారీ చెప్పేశాను.

“సౌండ్ తగ్గిస్తానండీ.”

ఆవిడ ఇంగ్లీషు ఆగి ఆగి వచ్చేది. “ఆ పాటలు డిసెంబరులో ఎందుకు?” అంది.

నాకు హుషారొచ్చింది. జపాను పెద్దమనిషీ, సీడీ, గులాబిరంగు పువ్వూ, సకురా మీద నా అభిమానం, మా బావ అభిమానం అన్నీ చెప్పుకుంటూ పోయాను. ఆవిడ నన్ను దాటి వంటింటి వైపు చూస్తోంది.

“మా దగ్గర ఎవరైనా వెళ్లిపోతుంటే అవి పెడతారు. ఈ ఇంట్లోంచి ఇన్నిసార్లు ఎవరు వెళ్లిపోతున్నారు?”

“ఎవరూ లేరండీ. ఊరికే.”

“ఇదివరకు పాటకీ పాటకీ మధ్య ఆమె వినిపించేది” అంది ఆవిడ. మూడు వేళ్లు చూపించింది. “మూడు సెకన్లు. నేను పైన నేల మీద కూర్చుని వినేదాన్ని. ఏడుస్తోందంటే ఉందన్నమాట. ఇప్పుడు పది రోజులుగా ఆ మూడు సెకన్లు లేవు. బతికే ఉందా అని చూడటానికొచ్చాను.”

వంటింట్లోంచి అక్క వచ్చింది, ఒక చెయ్యి పక్కటెముకల మీద పెట్టుకుని. పెద్దావిడ ఆ చెయ్యి వైపే చూసింది. అక్క ఆ చెయ్యి తీసేసి “ఐ యామ్ ఫైన్” అంది. పెద్దావిడ పళ్లెం అక్క చేతిలో పెట్టింది. అందులో అన్నం ముద్దలు, ఇంకా వేడిగా ఉన్నాయి.

“నా తలుపుకి గడియ పెట్టను” అని చెప్పి మెట్లెక్కి వెళ్లిపోయింది.

అక్క పళ్లెం బల్ల మీద పెట్టింది. “తినరా, చల్లారిపోతాయి.”

“అక్కా, నాకు తెలీదే.”

“తెలీదా?” అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. “ఫ్రీజర్‌కి రబ్బరు అంటించావు చూడు, ఆ రోజు నీకు చెప్పేద్దామనుకున్నాను. నువ్వు నాలిక బయటపెట్టి, అంత శ్రద్ధగా అంటిస్తుంటే నోరు రాలేదురా.”

“పోలీసులకి ఫోన్ చేద్దాం.”

“చేసి? ఆయనది హెచ్-వన్ వీసా, నాది దాని తోక. ఆయన స్టేటస్ పోతే నాది అదే రోజు పోతుంది. ఇండియా వెళ్తే మళ్లీ నచ్చజెప్పి ఇక్కడికే పంపిస్తారు. నేను లాయర్‌ని అడిగాను, లైబ్రరీ ఫోన్ నుంచి. ఏదైనా యూనివర్సిటీలో సీటు వస్తే స్టూడెంట్ వీసాకి, అదే ఎఫ్-వన్‌కి మారొచ్చట. అప్లై చేశాను. మార్చి దాకా ఓర్చుకుంటే చాలు.” ఒక అన్నం ముద్ద విరిచి సగం నా చేతిలో పెట్టింది. “మార్చి దాకా నన్ను చావనివ్వకురా, అంతే నువ్వు చెయ్యాల్సింది.”

మా అక్క నన్ను జీవితంలో అడిగిన ఒకే ఒక్క సాయం అది.

ఆ మర్నాడు సాయంత్రం ఏడింటికి బావ వచ్చాడు. టపాలో ఏదో యూనివర్సిటీ కవరు ఆయన కంటపడింది. బూట్లు విప్పకుండానే హాల్లోంచి పిలిచాడు.

“బామ్మర్దీ, పాట పెట్టరా!”

పగలంతా ఆఫీసులో ఒక వాక్యం సాధన చేశాను. ‘పెట్టను బావా, మీరు అక్క మీద చెయ్యేస్తే ఊరుకోను.’ రెస్ట్‌రూమ్ అద్దం ముందు అది బాగానే పలికింది. తీరా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది:

“సీడీకి గీతలు పడ్డాయి బావా.”

ఆయన నా గదిలోకి వచ్చాడు. సీడీ బయటికి తీసి, లైటు కింద ఇటూ అటూ తిప్పి చూశాడు. గీత ఒక్కటి కూడా లేదు. “నీ మొహం మీద పడతాయి ఇప్పుడు” అన్నాడు.

పళ్లు రాలగొడతాననే మాట నేను చిన్నప్పట్నుంచీ విన్నదే. బళ్లో మాస్టార్లు, ఇంట్లో బాబాయిలు అందరూ అన్నదే. అది అక్షరాలా అమలు చెయ్యదగ్గ కార్యక్రమమని నాకు తెలియదు. మొదటి పిడికిలికే పైవరసలో ముందు పన్ను ఊడి నాలిక మీద పడింది. జపాను పాటల్లో పూలు రాలేవి, మా ఇంట్లో పళ్లు. రెండోది ముక్కు మీద. కళ్ల ముందు తెల్లటి మెరుపు, గొంతులోకి వెచ్చగా ఉప్పగా ఏదో దిగింది. కిందపడ్డాక బూటుకాలు పక్కటెముకల్లోకి వచ్చింది. ఒకటి, రెండు, మూడు. నేను తిరిగి ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. రాతబల్ల కిందికి పాకాను. ఆయన సీడీ ప్లేయర్‌ని పైకెత్తి బల్ల మీదేసి కొట్టాడు. ప్లాస్టిక్ ముక్కలు నా మీద పడ్డాయి. నా కాలు పట్టుకుని బయటికి ఈడుస్తున్నాడు.

అప్పుడు అక్క వచ్చింది, చేతిలో అయిదు లీటర్ల కుక్కర్ మూతతో. పిడి పట్టుకుని ఆయన చెవి మీద అడ్డంగా కొట్టింది. ఆయన నా కాలు వదిలేసి, చెవి తడుముకుని, వేళ్లకంటిన నెత్తురు చూసుకున్నాడు. తర్వాత అక్క జుట్టు చేతికి చుట్టుకున్నాడు. తలని వెనక్కి లాగి, ఒక్క ఊపుతో గోడకేసి కొట్టాడు.

గోడ పగిలింది. అక్క తల, భుజమూ అట్టలోకి దిగిపోయాయి. తెల్లటి పొడి రాలింది. నిజమైన ఇటుక గోడ అయ్యుంటే ఇది రాసే అవసరం ఉండేది కాదు. అమెరికాలో ఇళ్లు అట్టపెట్టెల్లా కడతారని అంతకుముందు నేను వెక్కిరించేవాణ్ణి. ఆ రోజు నుంచి మానేశాను. ఆయన మళ్లీ లాగి మళ్లీ కొట్టాడు. అక్క అరిచింది. ఆ అరుపుకి అడ్డం ఏ పియానో లేదు, ఏ వయొలినూ లేదు. అంతా వినిపించింది. నేను ఆయన రెండు కాళ్లూ కౌగిలించుకుని పళ్లతో పిక్క పట్టుకున్నాను. మిగిలినవాటితో. ఆయన నా తల మీద పిడికిలితో బాదుతూనే ఉన్నాడు, నేను వదల్లేదు. ఎంతసేపో తెలియదు.

తలుపు దబదబా బాదారు. పోలీసులు. వాళ్ల వెనక మెట్ల మీద పెద్దావిడ, చేతిలో ఫోన్.

ఆ రెండు క్షణాల్లో బావ నడుము మళ్లీ వంగడం నేను చూశాను. చేతులు తుడుచుకుని “గుడ్ ఈవెనింగ్ ఆఫీసర్, ప్లీజ్ కమిన్” అన్నాడు. ఒక ఆఫీసర్ నా దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఏమైందని అడిగాడు. నా నోటి నిండా నెత్తురు. ఒక చేతిలో నా పన్ను. అప్పుడు నేనేమన్నానో తెలుసా?

“బాత్రూంలో జారిపడ్డాను సర్.”

ఎవరూ నేర్పలేదు. దానంతటదే వచ్చింది. ఇంటి సంగతి బయటివాళ్లకి చెప్పకూడదన్నది నాకు ఒంట్లో ఎముకలా ఉండిపోయింది. మిగతా ఎముకలు విరిగినా అది విరగలేదు. ఆఫీసర్ గోడకున్న కన్నం వైపు చూసి, “అది కూడా బాత్రూంలోనే జారిందా?” అన్నాడు.

అక్క నేల మీద కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లటి పొడి. “మై బ్రదర్ ఈజ్ లయింగ్ సర్” అంది. “మై హస్బెండ్ బీట్స్ మీ.”

బావకి సంకెళ్లు వేశారు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి తెలుగులో అరిచాడు. “ఒరేయ్, నువ్వైనా చెప్పరా! ఇది మన పరువురా!”

నేను అరచెయ్యి చాచి పన్ను ఆఫీసర్‌కి చూపించాను. “ఇది ఆయన కొట్టిందే సర్” అన్నాను. మాట ఈలలా బయటికొచ్చింది.

కోర్టులో ఆయన నేరం ఒప్పుకున్నాడు. కౌన్సెలింగ్‌కి పంపారు, అక్క దరిదాపులకి రాకూడదన్నారు. తెలిసిన పెద్దలు నలుగురైదుగురు నాకు ఫోన్లు చేశారు. “ఏమయ్యా, సొంత బావని పోలీసులకి పట్టిస్తావా? ఆయన గుళ్లో ఎంత సేవ చేస్తాడు!” అని ఒక అంకుల్ చీవాట్లు పెట్టాడు. అవునండీ, చెప్పులు తొడుగుతాడు అన్నాను.

అక్క ఆ శీతాకాలమంతా పెద్దావిడ ఇంట్లోనే ఉంది. డ్రైవింగ్ ఆవిడే నేర్పింది. అక్క లెఫ్ట్‌కి బదులు రైట్ తిరిగితే ఆవిడ ఏమీ అనేది కాదట. ఆ రైట్ ఎక్కడికి పోతుందో అక్కడి దాకా పోనిచ్చి, అక్కడ దిగి ఇద్దరూ టీ తాగేవాళ్లట. రెండో ప్రయత్నంలో లైసెన్స్ వచ్చింది. మార్చిలో ఇల్లినాయ్ యూనివర్సిటీ ఒకటి సీటిచ్చింది. ఎఫ్-వన్ కాగితాలు లాయర్ చూసుకున్నాడు. ఆ దగ్గరే అరోరాలో అక్కతో బీఎస్సీ చదివిన స్నేహితురాలు ఉంది, ఆమె ఇంట్లో మకాం.

బయల్దేరే రోజు పార్కింగ్‌లో చెట్లన్నీ తెల్లగా విరగబూసి ఉన్నాయి. సూట్‌కేసు ఎత్తుతూ, నా పాండిత్యం చూపించుకోవాలని, “సకురా!” అన్నాను. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. “ఇవి పేర్ చెట్లు. వాసన చూడు.” చూశాను. చేపల మార్కెట్.

ఎయిర్‌పోర్ట్‌కి అక్కే నడిపింది. ఎక్కగానే రేడియో ఆపేసింది. డిపార్చర్స్ దగ్గర కారు ఆపి, సామాను దింపాక, పెద్దావిడ చేతులు ముందు జోడించుకుని నిలబడింది. “మా పద్ధతిలో వెళ్లేవాళ్లకి పాడతాం. పాడమంటావా?” అని అడిగింది. నేను అక్క మొహం చూశాను. ఒకసారి సూపర్ మార్కెట్‌లో ఎక్కడో పియానో వినిపిస్తే బండి అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తింది.

“పాడండి” అంది అక్క. “డబ్బాలోంచి వద్దు. మీ గొంతుతో అయితే వింటాను.”

ఆవిడ పాడింది. గొంతు గొప్పది కాదు. పద్నాలుగింటిలో మూడోది, నేను వందసార్లు పెట్టిన పాట. వయొలిన్లూ డ్రమ్సూ తీసేస్తే అది మాట్లాడుతున్నంత మెల్లని పాట అని నాకు అప్పుడే తెలిసింది. చరణానికీ చరణానికీ మధ్య ఆవిడ ఆగి ఊపిరి తీసుకునేది. అక్క కుడి చెవి ఆవిడ వైపు తిప్పి విన్నది. ఎడమది ఇక తిరిగి రాదని డాక్టర్ అప్పటికే చెప్పేశాడు. ట్రాఫిక్ చూసే మనిషి ఈల ఊదుతూ వచ్చి “మూవ్ ఇట్! మూవ్ ఇట్!” అని కారు మీద చేత్తో బాదాడు. ఆ చప్పుడుకి అక్కా నేనూ ఒకేసారి చేతులు తల మీదికి ఎత్తుకున్నాం. అతను బిత్తరపోయి వెనక్కి తగ్గాడు. పెద్దావిడ మాత్రం ఆపలేదు, చివరిదాకా పాడింది.

అక్క వెళ్తూ నా గడ్డం పట్టుకుని చూసింది. “ఒరేయ్, ఆ పన్ను పెట్టించుకో. నవ్వితే దొంగలా ఉన్నావు.”

నాలుగేళ్లు గడిచాయి. నేను టెక్సస్ మారి ఫ్రిస్కోలో ఉంటున్నాను. ఒక ఆదివారం పొద్దున ఇండియా నుంచి ఫోన్. అవతల పెద్దవయసు గొంతు, బాగా మర్యాద తెలిసిన గొంతు. తమ అమ్మాయికి సంబంధం చూస్తున్నారట. అబ్బాయి హెర్న్‌డన్‌లో సాఫ్ట్‌వేర్, గ్రీన్ కార్డ్ కూడా వచ్చేసింది, రెండో పెళ్లి.

“మీరు కొన్నాళ్లు ఆ అబ్బాయితో ఒకే ఇంట్లో ఉన్నారని ఎవరో చెప్పారు బాబూ. నెంబరు పట్టుకునేసరికి తల ప్రాణం తోక్కొచ్చింది. ఆడపిల్ల తండ్రిని, ఎంక్వైరీ చేసుకోవాలి కదా.”

“తప్పకుండా చేసుకోవాలండీ.”

“మొదటి అమ్మాయికి మతి సరిగ్గా ఉండేది కాదట కదా?”

“అలా చెప్పారాండీ?”

“అవును బాబూ. ఇంతకీ అబ్బాయి గుణం ఎలాంటిది?”

“గుణం సంగతేమో గానీ గుణకారం బాగా వచ్చండీ. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి.”

“ఏమిటి బాబూ అవి?”

“దెబ్బలండీ.”

అప్పుడు మొత్తం చెప్పాను. చెవి, వేలు, గోడ, పాటలు. పాటలు పెట్టింది నేనేనని కూడా చెప్పాను, వాటిని కుట్టింది నేనేనని కూడా. ఆ మతి సరిగ్గా లేని అమ్మాయి మా అక్కేనండీ, ఇప్పుడు చికాగో దగ్గర ఒక ల్యాబ్‌లో పనిచేస్తోంది అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. “తప్పుగా అనుకోకు బాబూ. తోడబుట్టినవాడివి, కోపంలో చెబుతున్నావేమో అని... కాగితమేదైనా ఉందా?”

అలా అడిగినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. అమ్మాయిల తండ్రులందరూ అలా అడిగితే ఎంత బాగుండును. పెన్నూ పేపరూ తెచ్చుకోమన్నాను. కోర్టు ఆఫీసు ఫోన్ నెంబరు చెప్పాను, అక్కడ ఎన్నింటికి తెరుస్తారో, మన టైములో అది ఎన్నింటికవుతుందో చెప్పాను. తర్వాత కేసు నెంబరు, ఒక్కో అంకె విడివిడిగా. ఒకసారి చదివి వినిపించండి అన్నాను. “కళ్లజోడు పెట్టుకోనీ బాబూ” అని ఆయన చదివాడు. చివర నుంచి రెండో అంకె తప్పు. దిద్దాను. మళ్లీ మొత్తం చదివించాను. ఈసారి సరిపోయింది. అబ్బాయి ఇంటిపేరు స్పెల్లింగ్ కూడా రాసుకోండి అన్నాను.